నడుమ ఎత్తిన గీత

పోయిన వారం రసూల్‌బీని ఎమ్మిగనూరు అంగళ్ళ వీధిలో, సారువ కర్రల మీద, అంగడి పేరులో చివరి సున్నాకు ఎర్ర నీడ దిద్దుతుండగా వదిలి వచ్చాం. కింద స్టూలు మీద ఆమె తండ్రి ఖాసిం సాబ్ ఉన్నాడు. ఆదోనిలో నలభై ఏళ్ళు గోడలకూ బోర్డులకూ అక్షరాలు రాసిన మనిషి. కంటి నరాలు ఎండిపోయాయని బళ్ళారి డాక్టరు చెప్పేసి రెండేళ్ళయింది. అప్పటి నుంచి ఆయన కింద కూర్చుని చెబుతాడు, కూతురు పైకెక్కి రాస్తుంది. చివర మూలలో పెట్టే సంతకం మాత్రం ఇప్పటికీ ఆయన పేరే, ఖాసిం ఆర్ట్స్ అని.

రసూల్‌బీ భర్త సిరాజుద్దీన్ కూడా ఆ చేతి కిందే అక్షరాలు నేర్చాడు. ఎనిమిదేళ్ళ కిందట, పత్తి మిల్లు గోడ మీద అతను రాసిన పేరు తిన్నగా ఉందో లేదో అని ఖాసిం సాబ్ సుద్ద దారం పట్టి చూశాడు. గీత నడుమ బొటనవేలంత పైకి లేచి ఉంది. హమాలీలందరి ముందూ సున్నం కొట్టించేశాడు. ఆ సాయంత్రమే సిరాజు రైలెక్కి పోయాడు. బ్రష్షులు తెచ్చుకుంటానని చెప్పి పోయినవాడు కాబట్టి రసూల్‌బీ స్టేషనుకు కూడా వెళ్ళలేదు. ఆ రాత్రి అతనికోసం వండిన జొన్న సంగటి మర్నాడు బర్రెకు పెట్టింది.

ఇప్పుడు ఈ గోడ. ఈ అంగడి.

అంగడి శేషప్పది. మర్నాడు పొద్దున ప్రారంభం. వీధిలో కొత్తగా పెట్టిన అంగళ్ళన్నీ ప్లాస్టిక్ అక్షరాలు అతికించుకుంటుంటే శేషప్ప మాత్రం వద్దన్నాడు. వాళ్ళ నాయన చీరల మూటల మీద అంటించిన పాత చీటీ ఒకటి ఇనప్పెట్టెలో దాచుకున్నాడు. పొట్ట లావుగా, మెడ సన్నగా, పక్కన ఎర్ర నీడతో కాగితంలోంచి లేచి నిలబడినట్టుండే అక్షరాలు. యాభై ఏళ్ళనాటివి. అవే కావాలన్నాడు. 'హులిగమ్మ వస్త్రాలయం' అని ఇరవై అడుగుల పొడవున రసూల్‌బీ అవే రాసింది. పొద్దున నూలు కండెలు మోసుకుపోతూ సాలె భీమమ్మ ఆగి, తలెత్తి చూసి, "ఏమే బీబమ్మా, చెక్కతో చేపిచ్చినారా? ఒక్కో దానికి ఎన్ని మేకులు కొట్టినారు?" అని అడిగింది. రసూల్‌బీకి చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది.

ఆ నవ్వు పది గంటల దాకా కూడా నిలవలేదు.

ట్యూబ్‌లైటు పట్టీ బిగించడానికి వడ్రంగి గోవిందన్న నిచ్చెన వేసుకుని ఎక్కాడు. శేషప్ప అంగడికి బీరువాలన్నీ చేసింది అతనే. మెడలో టేపు, జేబులో రసమట్టం లేకుండా వీధిలోకి రాని మనిషి. పట్టీకి మార్కు పెట్టుకుందామని అక్షరాల కింద రసూల్‌బీ గీసిన నల్ల గీత మీద రసమట్టం ఆనించాడు. లోపలి బుడగ ఒక పక్కకు పరుగెత్తింది. ఇంకో చోట ఆనించాడు. అక్కడా అంతే. టేపు తీసి ఈ చివర, నడుమ, ఆ చివర కొలిచాడు.

"శేషప్పన్నా, ఒకసారి బయటికి రాప్పా."

శేషప్ప వచ్చాడు. చేతిలో మర్నాటి పూజకు తెప్పించిన కొబ్బరికాయల గోతం ఉంది.

"ఈ రాత వంకర. ఈ తట్టు, ఆ తట్టు సమంగా ఉండాది. నడుమ మాత్రం ఒకటిన్నర అంగుళం పైకి పోయింది. అంతేనా, అక్షరాలు కూడా ఒక్క ఎత్తున లేవు. ఈ 'గ' కాళ్ళు గీత మీద ఉండాయి, 'ల' పొట్ట గీత కిందికి జారింది. 'వ' కూడా అంతే. ఒక్కొక్కటి ఒక్కో దిక్కు నిలబడినాది."

రసూల్‌బీ చేతిలో బ్రష్షు ఆగిపోయింది. ఈ మాట వస్తుందని ఆమెకు మూడు రోజులుగా భయంగానే ఉంది. కాకపోతే పని ముగించుకుని, సారువ విప్పి, ఆదోని బస్సెక్కేస్తే ఎవరు కొలుస్తారులే అనుకుంది.

కింద ఖాసిం సాబ్ గట్టిగా నవ్వాడు. "ఏం గోవిందన్నా, పొద్దున్నే తాగినావా? నా బిడ్డ దారం పట్టకుండా గీత గీయదు. నీ రసమట్టంలో నీళ్ళు ఇంకిపోయినట్లుండాయి, సూసుకోపో."

"నా రసమట్టానికేం కాలేదు సాబూ. నీకు కనపడదు కాబట్టి సెప్తాండా. కనపడేవాళ్ళు ఇంతమంది ఉండారు, రమ్మను, కొలుసుకోమను."

వీధిలో మనుషులు చేరారు, కండెల మూటతో తిరిగొచ్చిన భీమమ్మ కూడా. నేతపని వాళ్ళ ఊరు అది. ఒక్క పోగు తేడా వస్తే పట్టుకునే కళ్ళు. శేషప్ప గోతం కింద పెట్టి, గోడవైపు కాదు, చేరిన మనుషులవైపు చూశాడు. అందరూ వినేశారన్నదే అతని దిగులు.

"సాబూ, నేను నీ పేరు సూసి ఇచ్చినా," అన్నాడు. "ఆయమ్మ రాస్తాదంటే కూడా సరేలే, నువ్వు కింద ఉంటావు కదాని ఒప్పుకున్నా. తెల్లారితే బంధువులు వస్తారు. మా నాయన అక్షరాలు పెడతానని ఊరంతా సెప్పుకున్నా. ఇప్పుడేంది ఇది?"

ఖాసిం సాబ్ నవ్వు ఆగిపోయింది. స్టూలు మీదే కూర్చుని, ముఖం పైకెత్తి, కూతురు ఎటుందో అటు కాకుండా కాస్త పక్కకు చూస్తూ అడిగాడు.

"రసూలూ. దారం పట్టినావా, లేదా?"

అబద్ధం చెప్పడానికి సమయం ఉంది. ఆయన చూడలేడు. గోవిందన్నతో వాదించి గెలవనూ వచ్చు. కానీ సున్నం బకెట్టు ఎదురుగా ఉంది. పొద్దున గోడ అంచులకు కొట్టగా మిగిలిన సున్నం, కుంచె అందులోనే నిలబడి ఉంది. మిల్లు గోడ ముందు కూడా ఇలాంటి బకెట్టే ఉండేది.

"పట్టినా నాయనా," అంది. "పట్టి, నడుమ పైకెత్తినా."

"ఎంత?"

"ఒకటిన్నర అంగుళం."

"నాకేం సెప్పినావు?"

"దారం పెకారమే రాసినానని సెప్పినా."

ఖాసిం సాబ్ మోకాళ్ళ మీద చేతులు రెండూ సుద్ద దారం లాగినట్టు ఒకదాన్నుంచి ఒకటి దూరంగా జరిగి, ఆగాయి. ఎవరు నేర్పారని ఆయన అడగలేదు. ఆ పని చేసే చెయ్యి ఆదోనిలో ఒక్కటే ఉండేది, సిరాజుది. ఆ చెయ్యి కోసమే కదా ఎనిమిదేళ్ళుగా ఇంట్లో ఇద్దరూ ఒకరి ఎదుట ఒకరు ఊపిరి బిగబట్టుకుని బతుకుతున్నది.

"శేషప్పా," అన్నాడు ఆయన. "సున్నం కొట్టించు. రాత్రికి ఆరుతాది. తెల్లారే లోపల దారం పెకారం నేనే దగ్గరుండి రాపిస్తా."

"నాయనా!"

"నువ్వు దిగు."

రసూల్‌బీ దిగింది. ఈ గోడ పోతే ఈ వీధిలో ఇంకెవరూ తమను పిలవరు. ఆదోనిలో కూడా ఈ మాట పాకుతుంది, చూపు లేని ముసలాయన, వంకర రాతల ఆడమనిషి అని. అదొక భయం. అంతకన్నా పెద్ద భయం ఇంకొకటి ఉంది. ఈ గీత తప్పయితే సిరాజు కూడా తప్పే. మిల్లు గోడ మీద తప్పు రాసి, తప్పు ఒప్పుకోలేక పెళ్ళాన్ని వదిలేసి పోయిన మనిషి అవుతాడు. ఎనిమిదేళ్ళుగా ఆమె ఆ మాట ఒక్కటీ నమ్మకుండా నెట్టుకొచ్చింది.

భీమమ్మ కొడుకు రామన్న అప్పుడే కుంచె చేతికి తీసుకున్నాడు. సున్నం చుక్కలు నేల మీద పడ్డాయి.

రసూల్‌బీ పోయి ఆ కుంచె పట్టుకుంది. "రామన్నా, రోంత ఆగు." తర్వాత శేషప్ప వైపు తిరిగింది. "అన్నా, నువ్వు ఈ గోడను ఇంతవరకు యాడ నిలబడి సూసినావు?"

"యాడ నిలబడేదేంది? ఈడే. నా అంగడి ముందర."

"నీ అంగడికి వచ్చేవాళ్ళు యాడ నుంచి సూస్తారు?"

శేషప్ప తల తిప్పి వీధి అవతలికి చూశాడు.

"ఆ తట్టు, టీ అంగడి కాడికి రా. ఒక్కసారి రాన్నా. ఆడ నిలబడి వంకరంటే నేనే నా చేత్తో సున్నం కొడతా."

"ఏం మాయమ్మా అది?" అన్నాడు గోవిందన్న నిచ్చెన మీది నుంచి. "ఆ తట్టు పోతే ఒకటిన్నర అంగుళం తగ్గుతాదా?"

"తగ్గదు. నువ్వు ఆడే ఉండు గోవిందన్నా. దిగొద్దు. నీతోనే పని." రసూల్‌బీ భీమమ్మ దగ్గరికి వెళ్ళి, "అక్కా, పేనిన ఎర్ర నూలు ఒక కండె ఇయ్యి," అంది. భీమమ్మ ఎందుకని కూడా అడగకుండా ఇచ్చింది. "గోవిందన్నా, నీ రసమట్టం పెట్టు. నా గీత సూడొద్దు. దానికి మూరెడు కింద ఈ చివర నువ్వు పట్టుకో, ఆ చివర రామన్న పట్టుకుంటాడు. నీ లెక్క పెకారం సమంగా ఉండాల. ఎంత బిగువుగా లాగాలో అంత లాగు."

ఈ అంగడి ముఖాన్ని ఒకసారి మనం కూడా సరిగ్గా చూడాలి. కట్టిన మేస్త్రీ పిట్టగోడ నడుమ సిమెంటుతో సూర్యుణ్ణి చేశాడు. అక్కడి నుంచి కిందికి, రెండు పక్కలకూ, తలుపు నెత్తి దాకా ఎర్ర కిరణాలు లాగాడు, విప్పిన విసనకర్రను తలకిందులుగా పెట్టినట్టు. పేరు ఆ కిరణాల మీదుగానే రాయాలి. మొదటి రోజు రసూల్‌బీ దారం కొట్టి, దిగి, వీధి దాటి చూసుకుంది. తిన్నగా కొట్టిన గీత నడుమ కిందికి వేలాడుతోంది, తడిబట్టలు ఆరేసిన తాడులా. మళ్ళీ ఎక్కి కొలిచింది. తిన్నగానే ఉంది. దిగి చూసింది. వేలాడుతోంది. అప్పుడే సిరాజు మాట చెవిలో పడింది, పక్కన నిలబడి చెప్పినట్టు. దారం గోడకు నిజం చెప్తాది రసూలూ, మనం రాసేది రోడ్డు కోసం.

గోవిందన్న నూలు పట్టుకున్నాడు. రసమట్టంతో రెండు చివరలూ సరిచూసుకున్నాడు. రామన్న సారువ మీది నుంచి ఆ కొస లాగాడు. నూలు వీణ తీగలా బిగిసింది.

రసూల్‌బీ శేషప్పను వీధి దాటించింది. వాళ్ళ వెనకే పదిమంది దాటారు. అందరూ తిరిగి చూశారు.

మొదట నోరు తెరిచింది భీమమ్మ. "బిగించరా రామా! జారిపోయింది!"

"బిగించే ఉండాది మా!" అన్నాడు రామన్న పైనుంచి.

"ఏం బిగించినావు, నడుమ కడుపు దిగినట్లు దిగింది. గోవిందన్నా, నువ్వన్నా లాగప్పా!"

"లాగుతాండా కదమ్మా!"

"ఇదేనా లాగేది? పెండ్లి పందిరికి మామిడాకులు కట్టినట్లుండాది," అన్నాడు టీ అంగడి దగ్గర ఇంకొకాయన. "పొద్దున సద్ది తినలేదా ఏమి?"

అందరూ నవ్వారు. పుట్టినప్పటి నుంచి పోగు బిగువు చూసి బతికే మనుషులు వాళ్ళు. వదులు కనిపిస్తే ఊరుకోలేరు. లాగు, ఇంకా లాగు అని అరవసాగారు. గోవిందన్నకు రోషం వచ్చింది. చేతికి నూలు రెండు చుట్లు చుట్టుకుని, నిచ్చెన ఊగిపోయేలా వెనక్కి వాలి లాగాడు. నూలు టప్పున తెగింది. అవతల రామన్న సారువ కర్రను కావలించుకుని పడకుండా నిలబడ్డాడు.

నవ్వులు ఆగాయి.

శేషప్ప మాత్రం నవ్వలేదు, అరవలేదు. తెగి వేలాడుతున్న నూలును చూశాడు. దానిపైన రసూల్‌బీ గీసిన గీతను చూశాడు. గీత పలక అంచులా తిన్నగా ఉంది. 'గ', 'ల', 'వ' మూడూ ఒకే నేల మీద నిలబడి ఉన్నాయి. అతను కళ్ళు నలుపుకుని మళ్ళీ చూశాడు.

గోవిందన్న ఇంకో పోగు అడిగాడు. ఈసారి మేకులు కొట్టి, రసమట్టం పెట్టి, కట్టి, దిగి, తానే వీధి దాటి వచ్చాడు. నూలు ఒరుసుకుని అరచేతి పక్కన నెత్తురు వచ్చింది. దాన్ని పంచెకు తుడుచుకుంటూ నిలబడి చూశాడు. తిరిగిపోయి, నిచ్చెనెక్కి, రసమట్టం ఆనించి చూసుకుని, మళ్ళీ వచ్చాడు. ఈసారి గొంతుక్కూర్చుని చూశాడు.

వీధికి అవతల, అంగడి ముందు, స్టూలు మీద ఖాసిం సాబ్ ఒక్కడే మిగిలాడు. అందరూ ఇటు వచ్చేశారని అడుగుల చప్పుడును బట్టి ఆయనకు తెలుసు. అరుపులు విన్నాడు, నూలు తెగడం విన్నాడు, నవ్వు ఆగడం విన్నాడు. ఏం జరుగుతోందో చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

"ఏమైంది?" అని అరిచాడు. "ఏమి కనపడతాంది? ఒగరన్నా సెప్పండప్పా!"

శేషప్ప వీధి దాటి వచ్చి ఆయన పక్కన నిలబడ్డాడు. "సాబూ, సున్నం వద్దు. నీ బిడ్డ రాత బాగుండాది."

"నువ్వు సెప్పొద్దు. నువ్వు నా ముఖం సూసి సెప్తాండావు. భీమమ్మా, నువ్వూ వద్దు. నీకు నా బిడ్డంటే జాలి. గోవిందన్న యాడ?"

"ఈడ ఉండా సాబూ."

"నువ్వు సెప్పు. నీకు నామీద జాలి లేదు."

గోవిందన్న రసమట్టం జేబులో పెట్టుకున్నాడు. "సాబూ, నా చేత్తో కట్టిన నూలు నాకే జారినట్లు కనపడతాంది. రసమట్టం సరిగ్గా ఉందంటాది, కన్ను లేదంటాది. ఆయమ్మ వంకరగా గీసింది తిన్నగా కనపడతాంది. ముప్పై ఏళ్ళుగా టేపు పట్టినా, ఇట్లాంటిది సూడలేదు. నేనన్న మాట ఎనక్కి తీసుకుంటా."

ఖాసిం సాబ్ తల ఆడించాడు. అర్థమైందని కాదు, వింటున్నానని. చెయ్యి చాచి గోడను తడిమాడు. అక్షరాలు ఆయన చేతికి అందేంత కింద లేవు. ఒట్టి గోడనే తడిమాడు.

"మిల్లు గోడకు పైన రేకుల వాలు ఉండె," అన్నాడు ఎవరితోనో అన్నట్టు. "నడుమ నుంచి రెండు పక్కలకు దిగేది. సిరాజు నన్ను పిలిచినాడు. మామా, రోడ్డు దాటి రా, ఒక్కసారి సూడు అన్నాడు. మూడుసార్లు పిలిచినాడు. అప్పుడు నాకు కళ్ళుండాయి. నేను పోలేదు."

భీమమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. రసూల్‌బీ ఏడవలేదు. ఏడిస్తే ఆగదని తెలుసు. పైకెక్కి మిగిలిన సున్నాకు నీడ దిద్దడం పూర్తి చేసింది. మూలలో సంతకం పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు. ఖాసిం ఆర్ట్స్ అని రాస్తే అబద్ధమేమో అనిపించింది. ఆ మూల ఖాళీగా వదిలేసి దిగింది.

మధ్యాహ్నం మూడు గంటలకు తండ్రీకూతుళ్ళు బస్టాండుకు వచ్చారు. ఆదోని బస్సు బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. కండక్టరు ఊర్ల పేర్లు అరుస్తున్నాడు. చీరల మూటలు, కోళ్ళ గంపలు, తోసుకునే మనుషులు. ఎప్పటిలాగే రసూల్‌బీ తండ్రి మణికట్టు పట్టుకుని నడిపిస్తోంది. చూపు పోయినప్పటి నుంచి ఇంటి బయట ఆ చెయ్యి ఆమె ఒక్కసారి కూడా విడిచింది లేదు.

బస్సు మెట్టు ముందు ఖాసిం సాబ్ ఆగిపోయాడు.

"ఎక్కు నాయనా. సీటు పోతాది."

"రసూలూ, ఆయప్పకు సెప్పాల."

ఎవరికని ఆమె అడగలేదు. "ఏం సెప్తావు?"

"తప్పు నాదని సెప్పాల. నాకు కనపడకున్నా ఊరంతా సూసిందని సెప్పాల."

"ఎనిమిదేళ్ళయింది నాయనా. ఉండాడో లేడో. ఉంటే యాడుండాడో ఎవరికి తెల్సు?"

పక్కనుంచి ఎవరో తోసుకుని బస్సెక్కారు. ఖాసిం సాబ్ ఒక అడుగు వెనక్కి తూలి నిలదొక్కుకున్నాడు.

"నాకు తెల్సు," అన్నాడు.

రసూల్‌బీకి మొదట ఆ మాట చెవిలోకే పోలేదు. పోయాక కూడా అది వేరే ఎవరి గురించో అన్నట్టే వినిపించింది.

"ఏంది నాయనా?"

"రాయచూరులో ఉండాడు. ఉత్తరం రాసినాడు. నిన్ను పంపమని రాసినాడు. నేను మారు జాబు రాయలేదు."

"ఎప్పుడు?"

కండక్టరు బస్సు రేకు మీద అరచేత్తో కొట్టాడు. "ఆదోని, ఆదోని! ఎక్కేవాళ్ళు ఎక్కండమ్మా!"

"ఎప్పుడు నాయనా?"

"ఆయప్ప ఇల్లిడిసి పోయిన నాలుగో నెలలోనే," అన్నాడు ఖాసిం సాబ్.

ఆమె ఆయన మణికట్టు వదిలేసింది.

ఖాసిం సాబ్ చెయ్యి అలాగే గాలిలో నిలబడి, కాసేపు ఎదురుచూసి, ఇటూ అటూ వెతికింది. మనుషులు ఆయనను రాసుకుంటూ పోతున్నారు. బస్సు కదిలింది. దుమ్ము లేచింది.

"రసూలూ," అన్నాడు. "రసూలూ, యాడున్నావు?"

రెండడుగుల దూరంలో నిలబడి, ఆయననే చూస్తూ, ఆమె పలకలేదు.